నలభై ఒకటో సెంటీమీటరు దగ్గర

పదకొండున్నర అయ్యేసరికి గ్రంథాలయం పాత మట్టానికి నలభై సెంటీమీటర్లు పైన నిలబడి ఉంది.

అది రెండంతస్తుల పాత ఇటుక కట్టడం. వానొస్తే వీధి నీళ్లన్నీ చదువుకునే గదిలోకే వచ్చేవి. ఎవరెన్ని గట్లు కట్టినా లాభం లేకపోయింది. చివరికి కట్టడాన్నే తొంభై సెంటీమీటర్లు పైకి లేపాలని తేల్చారు. పుస్తకాలు, అల్మారాలు, కిటికీ అద్దాలు అన్నీ తీసేశారు. పునాది దగ్గర గోడలు కోసి, కింద ఉక్కు దూలాలు జొనిపి, వాటి కింద ఇరవై ఆరు జాకీలు అమర్చారు. నాలుగు రోజులుగా మిల్లీమీటరు చొప్పున లేపుతూ వస్తున్నారు. మూడు సెంటీమీటర్లు లేచినప్పుడల్లా దూలాల కింద ఇనుప దిమ్మలు దూర్చాలి. అప్పటిదాకా బరువంతా జాకీల్లో ఉన్న నూనె మీదే.

కట్టడం కింద తవ్విన గుంటలో తొమ్మిది మంది గొంతుక్కూర్చుని పనిచేస్తున్నారు. వాళ్ల పెద్ద, నలభై ఏళ్లుగా ఇళ్లు లేపుతున్న మేస్త్రీ. బయట రేకుల షెడ్డులో, కంప్యూటర్ ముందు కూర్చున్నావిడ ఆ మేస్త్రీకి అన్న కూతురు. జాకీలవాళ్లు ఆమెను లెక్కలమ్మ అనేవాళ్లు. మొదట్లో వెటకారంగా అన్నారు. తర్వాత అదే పేరైపోయింది.

ఆమె ఈ పనిలోకి రావడానికి కారణం ఆమెకూ, బాబాయికీ తప్ప మూడో మనిషికి తెలియదు. ఏడాది కిందట ఒక రోజు బాబాయి చెప్పాపెట్టకుండా ఆమె ఇంటికొచ్చాడు. మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, "అమ్మడూ, నువ్వేదో జవాబు వెంటే నడిచే లెక్క కట్టావట కదా, అది జాకీలకి పనికొస్తుందా?" అని అడిగాడు. ఎందుకు బాబాయ్ అంది ఆమె. ఆయన కుడిచెవి తట్టి చూపించాడు. "ఇది పూర్తిగా పోయింది. ఎడమది సగం. మొన్నొక ఇంట్లో గోడ పగులుతుంటే అందరికీ వినపడింది, నాకు తప్ప." ఇటుక పగిలే ముందు చిన్న చప్పుడు చేస్తుంది. గోడకు ఇనుప చువ్వ ఆనించి, రెండో కొసన చెవి పెట్టి ఆ చప్పుడు పట్టుకోవడంలో ఆయనను మించినవాడు లేడని పేరు. ఆ పేరు మీదే కుర్రాళ్లూ ముసలాళ్లూ నమ్మకంగా కట్టడాల కింద దూరుతారు. "ఎవరికీ చెప్పకు," అన్నాడు. ఆమె మాటిచ్చింది, ఎవరికీ చెప్పలేదు.

ఆమె లెక్క చేసే పనిని నాలుగు ముక్కల్లో చెప్పొచ్చు. కట్టడం ఇంత ఎత్తున ఉన్నప్పుడు ఏ జాకీ ఎంత బరువు మొయ్యాలి అన్నది ప్రశ్న. గోడల్లో పుట్టే ఒత్తిళ్లను వర్గాలు చేసి కూడితే వచ్చే మొత్తం వీలైనంత తక్కువగా ఉండాలి. అప్పుడే ఇటుక నిలుస్తుంది. ఆ మొత్తాన్ని బొమ్మ గీస్తే గిన్నెలా ఉంటుంది. గిన్నెకు అడుగు ఒక్కటే కాబట్టి జవాబూ ఒక్కటే. కాకపోతే జాకీలకు హద్దులున్నాయి. జాకీ నెట్టగలదు కానీ లాగలేదు, కాబట్టి సున్నాకు తక్కువ మొయ్యదు. ముప్పై టన్నులకు మించి మొయ్యకూడదు. ఎత్తు మారినకొద్దీ గిన్నె అడుగు పక్కకు జరుగుతుంది. ప్రతి ఎత్తుకూ మొదటినుంచీ లెక్క కట్టకుండా, ఆమె పద్ధతి చేతిలో ఉన్న జవాబును పట్టుకుని నడుస్తుంది. ఏదో ఒక జాకీ తన హద్దు తాకేదాకా తిన్నగా పోతుంది. తాకిన చోట మలుపు. ఆ జాకీని హద్దు దగ్గర కట్టేసి, లేదా అంతకుముందు కట్టేసినదాన్ని విప్పేసి, కొత్త దారి పడుతుంది. నాలుగు రోజుల్లో పదిహేడు మలుపులు వచ్చాయి. పదిహేడూ ఇట్టే దాటిపోయింది.

పద్దెనిమిదో మలుపు పదకొండూ నలభైకి వచ్చింది. ఎత్తు సరిగ్గా నలభై ఒక్క సెంటీమీటర్లు.

తెర మీద మొదటి సూచన పడింది. ఆమె వాకీటాకీలో చదివింది. "తొమ్మిది వదిలెయ్యండి, సున్నాకి."

"తొమ్మిది సున్నా," అని కింద నుంచి గడియారం బదులిచ్చాడు. గడియారం అంటే పంపు చూసేవాడు. పావుగంటకోసారి టైమెంతయిందని అడుగుతాడని ఆ పేరు. బాబాయి వాకీటాకీ తన దగ్గర ఉంచుకోడు. "నాకు రెండు చేతులూ పనికి కావాలిరా," అని దాన్ని గడియారానికి అప్పగించాడు. అసలు సంగతేమిటో ఆమెకు తెలుసు.

"పది వదిలెయ్యండి, సున్నాకి."

ఈసారి బదులు గడియారం నుంచి రాలేదు. బాబాయి గొంతు దూరంగా వినిపించింది. "తొమ్మిది ఖాళీగా ఉండగా పదిని ఎలా వదలమంటోంది? పక్కపక్కన రెండు జాకీలు ఎప్పుడూ ఖాళీ పెట్టకూడదు. మళ్లీ చూడమను."

ఆమె తెర వైపు చూసింది. అప్పటికే మరో వరుస వచ్చి ఉంది. 'తొమ్మిది పట్టించండి.'

"తొమ్మిదికి మళ్లీ బరువు ఎక్కించమంటోంది," అంది.

"ఇప్పుడేగా వదలమన్నారు?" అన్నాడు గడియారం. అన్నాడే కానీ పంపు తిప్పాడు. వాల్వు తిరిగిన కీచుమనే శబ్దం వాకీటాకీలో వినబడింది.

తర్వాత 'పద్నాలుగు, ముప్పై దగ్గర ఆపండి.' తర్వాత 'పది పట్టించండి.' తర్వాత 'తొమ్మిది వదిలెయ్యండి.' వరుసలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఎత్తు చూపించే గడిలో అంకె మాత్రం కదలడం లేదు. నలభై ఒకటి. నలభై ఒకటి. నలభై ఒకటి. ఒక్క వెంట్రుకవాసి ముందుకు పోకుండా ప్రోగ్రాము గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతోంది.

"ఆపండి!" అంది ఆమె. "కింద ఎవరూ ఏ వాల్వూ ముట్టుకోకండి."

షెడ్డు తలుపు దగ్గరికి సైటు ఇంజనీరు పరుగెత్తుకొచ్చాడు. పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ చెదరని చొక్కాతో ఉండే మనిషి. ఇప్పుడు చొక్కా సగం బయటికి వచ్చేసి ఉంది. "తూర్పు తలుపు మీద బీట వచ్చింది మేడమ్. పొద్దున లేదు. గోరు పట్టేంత ఉంది. కాగితపు పట్టీ అతికించి వచ్చాను, బీట పెరిగితే చిరుగుతుంది."

అదే క్షణంలో వాకీటాకీలో గడియారం గొంతు. "అమ్మా, పద్నాలుగు దగ్గర నూనె కారుతోంది. సీలు పోయినట్టుంది. ఆగకుండా పంపు కొడుతుంటేనే ముప్పై నిలుస్తోంది. డబ్బాలో ఉన్న నూనె ఇరవై నిమిషాలకు మించి రాదు."

"కొత్త నూనె?"

"స్టోరుకి పోయి రావాలంటే గంట."

పద్నాలుగో జాకీ మూల కింద ఉంది. దాని ఒత్తిడి పోతే మూల కిందికి జారుతుంది. ముప్పై తొమ్మిది దగ్గర దూర్చిన దిమ్మ దాన్ని ఆపుతుంది కానీ, మధ్యలో రెండు సెంటీమీటర్లు ఖాళీ ఉంది. ఆ బరువుతో రెండు సెంటీమీటర్లు పడితే ఇటుక గోడ అప్పడంలా విరుగుతుంది. మరో దిమ్మ దూర్చాలంటే ఇంకో సెంటీమీటరు పైకి లేపాలి. ఆ ఒక్క సెంటీమీటరుకు ఏ జాకీకి ఎంతివ్వాలో చెప్పవలసిన ప్రోగ్రాము గుడ్డిగా తిరుగుతోంది.

"దించేస్తే?" అన్నాడు ఇంజనీరు.

"దించేటప్పుడు బరువు ముందుగా మూలకే వస్తుంది. పద్నాలుగు దాన్ని ఆపలేదు."

"అయితే అందర్నీ బయటికి రమ్మనండి. పోతే కట్టడం పోతుంది, మనుషులు ముఖ్యం."

అది న్యాయమైన మాట. ఆమె అదే మాట కిందికి చెప్పింది. గడియారం బాబాయికి గట్టిగా అరిచి చెప్పడం వినబడింది. కాసేపటికి బదులొచ్చింది. "మేస్త్రీ అయిదుగురిని పంపిస్తున్నాడు. నలుగురం ఉంటాం. నలుగురం లేకపోతే పద్నాలుగుకి పంపు కొట్టేవాడుండడు. బయటికి దారి ఆ మూల కిందనుంచేగా అమ్మా. వాళ్లు దాటేదాకా అయినా కొట్టాలి."

ఒక్కొక్కరే మోకాళ్ల మీద పాక్కుంటూ బయటపడ్డారు. అయిదో మనిషి లేచి నిలబడ్డాక ఆమె లెక్కపెట్టడం ఆపింది. కింద మిగిలింది బాబాయి, గడియారం, వాల్వుల దగ్గరుండే తోడల్లుళ్లిద్దరు. ఆ తోడల్లుళ్లు ఏ విషయం మీదా ఏకాభిప్రాయానికి రాని మనుషులు. వాళ్లిద్దరూ ఇప్పుడు ఒక్క మాట లేకుండా ఉన్నారు.

ఏం జరిగిందో ఆమెకు తెలుసు.

మూడేళ్ల కిందట, పరిశోధన పత్రం రాస్తున్నప్పుడు, ఒక చోట ఆమె కలం ఆగింది. ఒకే మలుపులో రెండు మూడు హద్దులు ఒక్కసారే ఎదురైతే? అప్పుడు ఒక్కొక్కదాన్నే కట్టి విప్పే తన పద్ధతి దారి తప్పవచ్చు. ఆమె గైడు ఆ పేజీ చూసి నవ్వాడు. "అలా ఎదురుకావని అనుకుందాం అని ఒక వాక్యం రాసెయ్యమ్మా. అనుకోడానికి పోయేదేముంది? నిజంగా అలా ఎప్పుడు జరుగుతుంది?" ఆమె ఆ వాక్యం రాసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

నిజంగా ఇప్పుడు జరిగింది. తొమ్మిదో జాకీ, పదో జాకీ తూర్పు తలుపుకు అటొకటి ఇటొకటి. ఎన్నడో ఆ గోడ కట్టినవాడు అటూ ఇటూ కొలత తేడా రాకుండా కట్టాడు. కాబట్టి రెండిటి బరువూ ఒకే క్షణంలో సున్నాకు వచ్చింది. అదే క్షణంలో మూల జాకీ ముప్పైకి చేరింది. అంకెలు ఊరికే అలా కలవవని ఆమె అనుకుంది. మనిషి శ్రద్ధగా కట్టిన చోట అవి కలవకుండా ఎలా ఉంటాయన్నది ఆలోచించలేదు.

ఇంజనీరు ఆమె ముఖంలోకి చూస్తున్నాడు. "మిషను పాడైందా?"

ఔనంటే సరిపోయేది. ఆమె వాకీటాకీ తీసుకుంది.

"అందరూ వినండి. మిషనుకేం కాలేదు. తప్పు నా పద్ధతిలో ఉంది. మూడు జాకీలు ఒకేసారి హద్దుకొస్తే అది దారి తప్పొచ్చని నాకు మూడేళ్లుగా తెలుసు. అలా జరగదులే అనుకుని వదిలేశాను. ఇప్పుడు చేత్తో లెక్క కట్టి చెబుతాను. పది నిమిషాలు పడుతుంది. ఉండలేమనుకున్నవాళ్లు ఇప్పుడే బయటికి వచ్చెయ్యండి. ఎవరూ ఏమీ అనుకోరు."

కింద పంపు శబ్దం ఆగలేదు. తర్వాత తోడల్లుళ్లలో పెద్దవాడు, "గోడ నెత్తిమీదున్నప్పుడు చెబుతున్నారా అమ్మా, బాగుంది," అన్నాడు. చిన్నవాడు, "ఎప్పుడో అప్పుడు చెప్పారుగా, పని కానియ్యి," అన్నాడు. మళ్లీ పేచీ మొదలైందంటే వాళ్లు ఉంటున్నారన్నమాట.

ఆమె పుస్తకం తెరిచి పెన్సిలు పట్టుకుంది. ప్రోగ్రాము లోపలి అంకెల్లో తప్పు లేదు. దారి ఎంచుకునే చోటే తప్పు. మూడు జాకీలు, ఒక్కొక్కటీ కట్టి ఉండొచ్చు, విప్పి ఉండొచ్చు. మొత్తం ఎనిమిది రకాలు. తెర మీది వరుసలు వెనక్కి జరిపి చూసింది. తొమ్మిది కట్టి, తొమ్మిదీ పదీ కట్టి, పది ఒక్కటే, పదీ పద్నాలుగూ, పద్నాలుగు ఒక్కటే, పద్నాలుగూ తొమ్మిదీ, మళ్లీ తొమ్మిది. ఆరింటి చుట్టూ తిరుగుతోంది. ఒకసారికి ఒక్కటే మారుస్తుంది కాబట్టి మిగిలిన రెండింటి దగ్గరికి పోవడమే లేదు. మూడూ విప్పడం ఒకటి. మూడూ కట్టడం ఇంకొకటి. గిన్నెకు అడుగు ఉందంటే జవాబు ఆ రెండిట్లో ఒకటి అయితీరాలి.

మొదట మూడూ విప్పిన లెక్క. నాలుగు నిమిషాలు పట్టింది. అలా చేస్తే మిల్లీమీటరు లేపేసరికి పదో జాకీ కిందికి లాగాలని వచ్చింది. జాకీ లాగదు. కొట్టేసింది.

"డబ్బాలో ఎంతుంది?"

"మూడోవంతు పోయింది. టైమెంత?"

"పన్నెండుకి ఎనిమిది నిమిషాలు."

మూడూ కట్టిన లెక్క. హద్దు దగ్గర కట్టిన ప్రతి జాకీకి ఒక అంకె వస్తుంది. దాన్ని కట్టి ఉంచడం సబబేనా అని ఆ అంకె చెబుతుంది. మూడూ సున్నాకు పైన ఉంటేనే జవాబు. మొదటిది పైన. రెండోది పైన. మూడోది కింద.

ఆమె పెన్సిలు ఆపింది. ఆ రెండూ కాకపోతే ఇంక జవాబే లేదు. జవాబు లేకపోవడం కుదరదు. అయితే చెయ్యి తప్పి ఉండాలి. పై నుంచి వేలు పెట్టి మళ్లీ చదివింది. పదో జాకీ నుంచి పద్నాలుగుకు పోయే అంకె ముందు మైనస్ గీత ఉండాలి. తెర మీద ఉంది. పుస్తకంలో లేదు. గాభరాలో దించుకోవడం మరిచిపోయింది. గీత పెట్టి మళ్లీ కట్టింది. వెనకనుంచి ఇంజనీరు ఊపిరి ఆమె మెడ మీద పడుతోంది.

"కొంచెం వెనక్కి జరగండి సార్."

ఆయన జరిగాడు. మూడో అంకె సున్నాకు పైన వచ్చింది. సరిచూసింది. మళ్లీ సరిచూసింది.

"మూడూ కట్టాలి," అంది వాకీటాకీలో. "పద్నాలుగు ముప్పై దగ్గరే నిలపండి. తొమ్మిది సున్నా. పది సున్నా. రెండూ వదిలేసి మిగతావాటితో లేపాలి."

గడియారం ఆ మాట బాబాయికి చేరవేశాడు. చాలా గట్టిగా, రెండుసార్లు. బాబాయి వాకీటాకీ లాక్కున్నట్టున్నాడు. ఆయన గొంతు దగ్గరగా వచ్చింది.

"అమ్మడూ, నలభై ఏళ్లలో పక్కపక్కవి రెండు ఎప్పుడూ ఖాళీ చెయ్యలేదు. పైన తలుపుంది. దాని మీద బీటుంది. ఇంకెవరైనా చెబితే తిట్టి పంపేవాణ్ని."

"నాకు తెలుసు బాబాయ్."

"ఏంటీ?"

"నాకు తెలుసు!" అని అరిచింది. తర్వాత ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పింది. "నా మాట నమ్మొద్దు. చూసి చెప్పు. లెక్క నిజమైతే, ఇందాక తొమ్మిదికి పంపు కొట్టినా సరే, ఆ రెండు జాకీల మీదా ఇప్పుడు బరువుండదు. జాకీ తలమీది రేకు చేత్తో కదిపి చూడు. కదిలితే అది ఏమీ మొయ్యట్లేదన్నట్టే. కదలకపోతే నా లెక్క తప్పు, అందరూ బయటికి వచ్చెయ్యండి."

వాకీటాకీ నేల మీద పెట్టిన చప్పుడు. మోకాళ్లు కంకర మీద జరుగుతున్న చప్పుడు. పంపు కొడుతూనే ఉంది. షెడ్డు బయట, పైకొచ్చిన అయిదుగురూ తూర్పు గోడ వంకే చూస్తూ నిలబడ్డారు. ఇంజనీరు పెదాలు కదులుతున్నాయి. ఏ దేవుణ్ని తలుచుకుంటున్నాడో.

"తొమ్మిది రేకు కదిలింది," అన్నాడు బాబాయి. గొంతులో ఆశ్చర్యం. "వేలితో తోస్తే పక్కకి వచ్చేసింది."

"పది?"

ఈసారి ఆలస్యమైంది. ఆమె చేతి వాచీ ముల్లు చూడకుండా ఉండటానికి కళ్లు మూసుకుంది.

"పది కూడా. కాస్త గట్టిగా ఉంది. కానీ కదిలింది."

"అయితే వదిలెయ్యండి రెండూ. మిల్లీమీటరు చొప్పున పదిసార్లు లేపుదాం. ఒక్కోదానికీ అంకెలు నేను చదువుతాను. ప్రతిసారీ ఆగి గోడ వినాలి."

ఆ చివరి మాట నోరు జారింది. వినేవాడు బాబాయే అని కింద అందరికీ తెలుసు. ఆయన చువ్వ తీసుకుని గోడకు ఆనిస్తాడు. అందరూ ఊపిరి బిగబడతారు. ఆయన ఏమీ లేదంటాడు. నాలుగు రోజులుగా అలాగే జరుగుతోంది. ఆ నాలుగు రోజులూ ఆయనకు ఏమీ వినపడలేదని ఆమెకు తెలుసు. లెక్క సరిగా పోతున్నంతసేపూ అది చిన్న అబద్ధంలా ఉండేది. ఇప్పుడు ఆ లెక్కే కుంటుతోంది. తలుపు మీద బీట ఉంది.

మాటిచ్చింది. కింద నలుగురున్నారు. ఆమె వాకీటాకీ నొక్కింది.

"బాబాయ్, ఈసారి గడియారాన్ని విననీ."

పంపు శబ్దం కూడా ఒక్క క్షణం తప్పింది. తనవాళ్లందరి ముందూ ఆయన తల తీసేసినట్టయిందని ఆమెకు అనిపించింది. ఇంక ఎప్పుడూ తన ఇంటి గడప తొక్కడేమో.

తర్వాత బాబాయి గొంతు వచ్చింది. చెప్పింది ఆమెకు కాదు, పక్కనున్నవాళ్లకు. "ఒరే, నాకు చెవులు పోయాయిరా. ఏడాది దాటింది. చెబితే మీరు రారని చెప్పలేదు. గడియారం, నువ్వు పంపు చిన్నోడికిచ్చి ఇటు రా. ఈ చువ్వ ఇటుకకి కాదు, ఇటుకల మధ్య సున్నానికి ఆనించు. పళ్లతో కరిచిపట్టుకో. చప్పుడు ఎముకల్లోంచి వస్తుంది. టిక్ మంటే చెప్పు. గర గర మంటే చెప్పకు, పరిగెత్తు."

"ఏడాదా!" అన్నాడు పెద్ద తోడల్లుడు.

"తర్వాత తిట్టుకో. వాల్వు చూడు."

మొదటి మిల్లీమీటరుకు ఆమె ఇరవై మూడు అంకెలు చదివింది. వాళ్లు ఒక్కొక్కటే తిరిగి చెబుతూ తిప్పారు. ఒకటి లేచింది. ఆగారు. "ఏం లేదు," అన్నాడు గడియారం, చువ్వ పళ్ల మధ్యనుంచి.

రెండు. మూడు. ఏం లేదు.

నాలుగో మిల్లీమీటరు తర్వాత, "టిక్!" అన్నాడు.

"ఎక్కడ?"

"తలుపు మీద, ఎడమ పక్క."

ఇంజనీరు గోడ దగ్గరికి వెళ్లాడు. వెళ్లొద్దని ఎవరో అరిచారు. ఆయన వినకుండా బీట మీద అతికించిన కాగితపు పట్టీ వంక చూసి, అక్కడినుంచే చెయ్యి ఊపాడు. "పట్టీ చిరగలేదు! ముడత పడింది. బీట మూసుకుంటోంది!"

మూసుకునేటప్పుడూ ఇటుక మాట్లాడుతుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

అయిదు. ఆరు. డబ్బా అడుగున నూనె గుడగుడలాడుతోందని చిన్న తోడల్లుడు చెప్పాడు. ఏడో మిల్లీమీటరుకు ఆమె ఒక అంకె తప్పు చదివింది. పదిహేడు టన్నులకు ఇరవై ఏడు. పెద్ద తోడల్లుడు వాల్వు తిప్పకుండా, "ఇందాకటిదానికన్నా ఒక్కసారే ఇంత పెరిగిందేం? మళ్లీ చూడండి," అన్నాడు. చూసి దిద్దుకుంది.

ఎనిమిది. తొమ్మిది. పంపు గాలి పీల్చడం మొదలుపెట్టింది. పద్నాలుగో జాకీ గేజి ముల్లు ముప్పై నుంచి ఇరవై తొమ్మిదికి దిగింది.

"ఇంకొక్కటి," అంది ఆమె. అంకెలు చదవడానికి సమయం లేదు. "అందరూ ఇందాకటిలాగే, అంతే మోతాదు. ఈ మిల్లీమీటరు దాకా దారి తిన్నగానే ఉంది, మలుపు లేదు. కానివ్వండి!"

నలుగురి గొంతులూ కలిసిపోయాయి. ఎవరు ఏమంటున్నారో తెలియలేదు. ఇనుము మీద ఇనుము రాసుకున్న చప్పుడు. బూతు ఒకటి. సుత్తి దెబ్బ. మరో సుత్తి దెబ్బ.

"దూరింది!" అన్నాడు గడియారం. "మూల దిమ్మ దూరింది! కూర్చుంది!"

పద్నాలుగో జాకీ బుస్సుమని ఖాళీ అయిపోయింది. కట్టడం కదల్లేదు.

మిగతా దిమ్మలన్నీ దూర్చి వాళ్లు పైకి వచ్చేసరికి పన్నెండున్నర అయింది. బాబాయి అందరికంటే చివర వచ్చాడు. మోకాళ్లు తుడుచుకున్నాడు. ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది.

"మాటిచ్చావు," అన్నాడు.

"ఇచ్చాను బాబాయ్."

"తప్పావు."

"తప్పాను."

ఆయన ఆమె నుదుటి మీద పెన్సిలు మరక చూసి బొటనవేలితో తుడవబోయాడు. ఆ వేలికున్న నూనెతో మరక ఇంకా పెద్దదైంది. "మీ నాన్న కూడా ఇంతే, ఏదీ కడుపులో దాచుకోలేడు," అని నీళ్ల డ్రమ్ము దగ్గరికి వెళ్లిపోయాడు. జాకీలవాళ్లు ఆయనతో ఆ రోజు ఎవరూ మాట్లాడలేదు. మర్నాడు పెద్ద తోడల్లుడు వచ్చి, తిట్టవలసిన తిట్లన్నీ తిట్టి, ఆ పైన చెవుల డాక్టరు దగ్గరికి తనే వెంటబెట్టుకుని పోయాడు.

ఇంజనీరు రిపోర్టులో 'స్వల్ప సాంకేతిక అంతరాయం' అని రాశాడు. ఆమె ఆ కాగితం అడిగి తీసుకుని ఆ మాట కొట్టేసింది. ఏ వాక్యం వల్ల, ఏ మూడు జాకీల దగ్గర, ఎవరి తప్పుతో అది జరిగిందో ఒకటిన్నర పేజీ రాసి సంతకం పెట్టింది. పని అయిదు వారాలు ఆగింది. గ్రంథాలయం నలభై రెండు సెంటీమీటర్ల ఎత్తున, దిమ్మల మీద, పీట వేసుకుని ఎక్కాల్సిన గడపతో అలాగే ఉంది. వీధిలో పోయేవాళ్లు నవ్వుకున్నారు.

గైడుకు ఫోను చేసింది. ఆయన చాలాసేపు విని, "చిన్న సవరణగా పంపుదాం. కింద ఒక గమనిక చాలు," అన్నాడు.

"చాలదండి. ఆ పద్ధతి వాడుతున్నవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల కింద ఎవరున్నారో మనకు తెలియదు."

"నా పేరు కూడా ఉంది కదమ్మా దాని మీద."

"ఉందండి. అందుకే మీకు ముందు చెబుతున్నాను."

ఆయన ఫోను పెట్టేశాడు. మూడు రోజుల తర్వాత ఆయనే చేశాడు. కోపం తగ్గలేదు కానీ, ఆరింటి చుట్టూ తిరిగే ఆ ఉదాహరణ తను కూడా కట్టి చూశానన్నాడు. నిద్ర పట్టలేదన్నాడు.

ఆమె పద్ధతిని మార్చింది. కొన్ని హద్దులు ఒకేచోట ఎదురైతే ఇప్పుడది ఒక్కొక్కదాన్ని పట్టుకుని తడుముకోదు. ఆగి, ఎదురైనవాటినన్నిటినీ కలిపి చిన్న లెక్కగా విడిగా కట్టి, ఏవి కట్టాలో ఏవి విప్పాలో ఒకేసారి తేల్చుకుని కదులుతుంది. తేల్చుకోలేకపోతే తిరగదు, తేల్చుకోలేకపోయానని చెప్పి నిలబడుతుంది.

పని మళ్లీ మొదలైన రోజు షెడ్డులో తెర ముందు ఇంజనీరును కూర్చోబెట్టి ఆమె కట్టడం కిందికి దిగింది. దిగవలసిన అవసరం లేదని బాబాయి అన్నాడు. చెవి మిషను పెట్టుకున్నప్పటి నుంచి ఆయన ప్రతివాణ్నీ మెల్లగా మాట్లాడమని కసురుతున్నాడు. ఆమె వినిపించుకోలేదు. కింద తడిమట్టి, నూనె, పాత సున్నం వాసన. తల ఎత్తితే దూలం తగులుతుంది. అన్ని వందల టన్నులూ అరచేతి దూరంలో ఉన్నాయి. ఆమెకు భయం వేసింది. ఆ భయం ఆ తొమ్మిది మందికి రోజూ ఉండేదేనని, షెడ్డులోంచి అది ఒక్కనాడూ తనకు కనపడలేదని అనుకుంది.

అరవై మూడు సెంటీమీటర్ల దగ్గర వాకీటాకీలో ఇంజనీరు గొంతు వచ్చింది. "మేడమ్, రెండు హద్దులు ఒకేసారి వచ్చాయంటోంది. ఆగింది."

జాకీలవాళ్లందరూ ఆమె వంక చూశారు.

"ఏమంటోంది?"

"ఇంకా ఏమీ అనడం లేదు... ఆ, వచ్చింది. ఇరవై ఒకటి విప్పమంటోంది, అయిదు సున్నా దగ్గర కట్టమంటోంది. రెండూ ఒకేసారి."

ఆమె అయిదో జాకీ దగ్గరికి పాక్కుంటూ వెళ్లి, తలమీది రేకును వేలితో తోసి చూసింది. అది కదిలింది.

"కానివ్వండి," అంది.

తోడల్లుళ్లిద్దరూ రెండు వాల్వులూ ఒక్కసారే తిప్పారు.